ఇన్‌స్పెక్షను నాటి జ్వరాలు

నేను బి.ఏ. ప్యాసయ్యాను. ఈ ముక్క బయటపడితే తప్ప నా నోట మరో ముక్క రాదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. రాజమండ్రిలో గోదారి మీద రైలు వంతెన కడుతున్న రోజులవి. గెజెట్‌లో నా నెంబరు కనపడింది. అది నాదేనని ఇంకో ఇద్దరిచేత చదివించుకుని, పెట్టె సర్దుకుని, కాలవ రేవుకి పరిగెత్తి మా ఊరు మీదుగా పోయే పడవెక్కాను. పడవ సరంగుకి చెప్పాను. కొబ్బరికాయల బస్తాల మీద నిద్రపోతున్న వర్తకుణ్ణి లేపి చెప్పాను. గట్టు మీద నడుస్తూ పడవని తాడుతో లాగుతున్న కూలీలకి కేకేసి చెప్పాను. అంత చదివినవారు దిగి ఓ చెయ్యి వేస్తే పడవ తొందరగా పోతుందన్నాడు వాళ్ళలో ఒకడు. దిగి కాసేపు లాగాను కూడా. అంత సంతోషం మీద ఉన్నాను.

మాది చేపలు పట్టే ఇల్లు. మా తాత గోదాట్లో వల వేశాడు. నాన్న ఆ వల వదిలి కాలవ మీద లాకుల దగ్గర లస్కరుగా చేరాడు. కాలవ పైభాగం నుంచి పల్లానికి పోయే పడవ లాకులోకి రాగానే వెనక తలుపులు మూసి, తూములెత్తి, లోపలి నీళ్ళు దించి, పడవ కింది మట్టానికి వచ్చాక ముందు తలుపులు తియ్యడం ఆయన పని. ఎంతటివాడి పడవైనా నీళ్ళు దిగేదాకా ఆ గోడల మధ్య నిలబడాల్సిందే. అలాంటి ఇంట్లోంచి ఒకడు బి.ఏ. అయ్యాడంటే కాలవ ఎదురు పారినట్టు ఉంటుందని నేను అనుకున్నాను. ఊరు అలా అనుకోలేదు.

నాన్న నా మాట అంతా విని, అయితే ఇంక చదవక్కర్లేదా అని అడిగాడు. అక్కర్లేదన్నాను. హమ్మయ్య అన్నాడు. అమ్మ పోయాక నన్ను పెంచింది మా అక్క. ఆవిణ్ణి మా ఊళ్ళోనే ఇచ్చారు. లాకుల పక్కనే ఇల్లు. అక్క కళ్ళొత్తుకుని లోపలికెళ్ళి బెల్లం ముక్క తెచ్చి నా నోట్లో పెట్టింది. అక్క అత్తగారు మాత్రం వీధరుగు మీద ఉయ్యాల ఊపుతూ, మనవణ్ణి జోకొడుతూ, నన్ను కింద నుంచి పై దాకా చూసి అసలు సంగతి అడిగింది.

"బి.యే అంటే మునసబుకి పైనా, కిందా?"

"ఉద్యోగం వస్తే పైన, అత్తా. వచ్చేదాకా కింద."

"అయితే ఇప్పుడు కిందే," అని ఆవిడ తేల్చేసింది. యూనివర్సిటీ వాళ్ళు కూడా నన్ను అంత తొందరగా తేల్చలేదు.

మా చిన్నాన్న యానాం నుంచి సీసా తెస్తానన్నాడు. అది తన కోసమేనని అందరికీ తెలుసు. ఈలోగా సాయంత్రం అయింది. మా ఊరి బడి పంతులుగారు కండువా సవరించుకుంటూ అక్క వాకిట్లోకి వచ్చారు. అక్షరాలు దిద్దించిన గురువు. నన్ను అభినందించడానికే వచ్చారని నేను లేచి నిలబడ్డాను.

"తమరు బి.ఏ. ప్యాసయ్యారంటగా. మన ఊరికే పేరు తెచ్చారండి," అన్నారు. పట్టుమని ఊపిరి పీల్చుకోకుండా అక్క వైపు తిరిగారు. "అన్నట్టు, పాపకి రేపు జ్వరమండమ్మా."

పాప అంటే మా మేనకోడలు. ఆ క్షణాన నిక్షేపంలా గడప మీద కూర్చుని, చింతగింజలు ఒక్కొక్కటే నేల మీద దొర్లించి, ఏది ఎటు పోతోందో చూస్తోంది.

నాకు అర్థం కాలేదు. ఊళ్ళో మిగతా అందరికీ అర్థమైంది. నేను రాజమండ్రిలో చదువుకుంటున్న ఆ కాలంలో మా ఊళ్ళో కొత్త పద్ధతి ఒకటి స్థిరపడిపోయింది. ఇన్‌స్పెక్టరు గారు వచ్చి పరీక్ష చేస్తారు. ఎందరు పిల్లలు ప్యాసైతే బడికి సర్కారు సాయం అంత. తప్పిన పిల్ల కనపడితే బడికి మచ్చ. అందుకని ఇన్‌స్పెక్షనుకి ముందు రోజు పంతులుగారు ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు పంచిపెట్టి వస్తారు. లెక్కల్లో తడబడేవాడికి చలిజ్వరం. నత్తి ఉన్నవాడికి గొంతునొప్పి. ఎక్కువ ప్రశ్నలేసేవాడు అమ్మమ్మగారి ఊరు వెళ్ళాలి. తల్లిదండ్రులు కూడా ఎంతో మర్యాదగా పుచ్చుకుంటారు. మా వాడికి పోయినసారి కూడా జ్వరమే ఇచ్చారు, ఈసారి కాస్త కడుపునొప్పి ఇప్పించండి అని బతిమాలిన తండ్రి ఉన్నాడని అక్క చెప్పింది.

నవ్వుదామనుకున్నాను. అక్క నవ్వలేదు. పాపకి ఇది మొదటి జ్వరం కాదట. పోయిన ఇన్‌స్పెక్షనుకీ జ్వరమే, అంతకు ముందుదానికీ జ్వరమే. ఇన్‌స్పెక్టరు కంట పడని పిల్ల చిన్నపిల్లల తరగతి దాటి ఒకటో తరగతికి పోదు. పైగా అక్క అత్తగారికి ఈ జ్వరాలు సర్కారు జ్వరాలని ఎవరూ విప్పి చెప్పలేదు. చెప్పినా ఆవిడ నమ్మేది కాదు. పంతులంతటివాడు వచ్చి జ్వరమంటే జ్వరం కాకుండా పోతుందా? నుదురు చల్లగా ఉంటే లోపలి జ్వరమని అర్థం. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడల్లా పిల్లకి జ్వరం వస్తోందంటే ఆ మనిషి దిష్టేనని ఆవిడ తేల్చుకుని మెడకో తాయెత్తు కట్టింది. రెండోసారి రెండోది కట్టింది.

"ఆడి కన్ను మంచిది కాదురా అబ్బాయా," అంది నాతో. "ఈసారి కూడా తరగతి మారకపోతే ఇంక బడి లేదు, గిడి లేదు. ఉయ్యాల కాడ కూకుని తమ్ముణ్ణి ఊపుకుంటాది. మీ అక్క నాట్లకెళ్తే ఈ ముసల్దాని చేతులు పడిపోతన్నాయి."

అందులో అబద్ధం లేదు. ఆవిడ చేతులు నిజంగానే నొప్పులు. అక్క సంగతి వేరు. తాను వేలిముద్ర మనిషి. కూతురు అలా కాకూడదన్నది ఆవిడ అనుకున్న ఒకే ఒక్క సంగతి. ఆ అనుకున్నది రేపటితో తేలిపోతుంది. నన్ను వంటింట్లోకి పిలిచి, రేపు దాన్ని నువ్వే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళు తమ్ముడూ, నువ్వు తీసుకెళ్తే పంతులు కాదనలేడు అంది. నా బి.ఏ.కి దొరికిన మొదటి ఉద్యోగం అది.

ఇంతకీ పాపలో పంతులుగారికి కనపడిన లోపం ఏంటంటే, దాని జవాబు ఆలస్యంగా వస్తుంది. తెలియక కాదు. అడిగినదాన్ని తిప్పి తిప్పి చూసుకుని, అటు నుంచి ఇటు నుంచి తడిమి, అప్పుడు చెబుతుంది. ఈలోగా ప్రశ్న ముందు బెంచీకి పోతుంది. బడిలో పాఠం అంటే అందరూ ఒక్క గొంతుతో అనడం. అందరూ ఆపేశాక దీని గొంతు ఒక్కటీ వెనకబడిన దూడలా వస్తుంది. ఆ ఒక్క గొంతు వల్ల మొత్తం పాఠం రానట్టు వినిపిస్తోందని ఆయన బాధ.

మర్నాడు పొద్దున్నే పాపకి తల దువ్వి, తాయెత్తులు జాకెట్టు లోపలికి తోసి, బడికి తీసుకెళ్ళాను. మమ్మల్ని చూడగానే పంతులుగారి మొహంలో నిజం జ్వరం కనపడింది. పాప పక్కనే ఉండగా, నా చెవిలో, దానికి ఒంట్లో బాగాలేదు కదండీ అన్నారు. రాత్రే తగ్గిందండి, మీరు వచ్చి వెళ్ళిన హస్తవాసి అన్నాను. బి.ఏ.ని కాదనే ధైర్యం లేక ఆయన పాపని వెనక వరసలో, స్తంభం చాటున కూర్చోబెట్టారు.

అప్పటికి పైవాళ్ళ దగ్గర్నుంచి ఇంకో కొత్త ఆర్డరు వచ్చి ఉంది. చిన్నపిల్లలకి ఆటల ద్వారా చదువు చెప్పాలి. వాళ్ళు ఆడుకుంటుంటే ఇన్‌స్పెక్టరు పక్కన నిలబడి, ఎవరి బుద్ధి ఎంత వికసించిందో గమనించి రాయాలి. దీన్ని కిండరుగార్టెను అంటారు. చదివితే ముచ్చటేసే ఆర్డరు. పంతులుగారు ముప్పూటలా శ్రద్ధగల మనిషి. పరీక్ష అన్నాక కంఠస్థం ఉండి తీరాలి. అందుకని ఆయన పిల్లలచేత ఆటని కంఠస్థం చేయించారు.

ఇన్‌స్పెక్టరు గారు కోటూ తలపాగాతో వచ్చి కుర్చీలో కూర్చోగానే పంతులుగారు బెత్తంతో బల్ల మీద కొట్టారు. పిల్లలు రెండు వరసలుగా లేచారు. ఇంకో దెబ్బకి చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగారు. మరో దెబ్బకి అందరూ కలిసి నవ్వారు; పళ్ళు బయటపెట్టి, కళ్ళు బెత్తం మీద పెట్టి. ఇంకో దెబ్బకి ఆ నవ్వు కత్తిరించినట్టు ఆగింది. ఒకడికి నవ్వు ఆగలేదు. నిజంగా వచ్చేసినట్టుంది. వాడి చెవి పంతులుగారు నెమ్మదిగా, ఇన్‌స్పెక్టరుకి కనపడని వైపు నుంచి మెలిపెట్టారు.

పిల్లలు ఉల్లాసంగా ఉన్నారు అని ఇన్‌స్పెక్టరు గారు కాయితం మీద రాసుకున్నారు. పక్కనే కూర్చున్నాను కాబట్టి కనపడింది. ఇంగ్లీషులో చాలా బావుంది.

మధ్యలో నా సంగతి అడిగారు. బి.ఏ. అనగానే ఆయన కలం ఆగింది. ఆయన చదువు బి.ఏ.కి ముందు మెట్టైన ఎఫ్.ఏ.తో ఆగిపోయిందని తరవాత తెలిసింది. ఏ క్లాసులో అని అడిగారు. మూడో క్లాసండి అన్నాను. ఆయన మనసు కుదుటపడి కలం మళ్ళీ కదిలింది.

తరవాత ఆయన తన పెట్టె తెరిచి మూడు చెక్క బొమ్మలు తీశారు. ఒకటి గుండు, ఒకటి నలుపలకల దిమ్మ, ఒకటి రోకలి ముక్కలా పొట్టి స్తంభం. కిండరుగార్టెనులో ఇవి ముఖ్యమట. మా బడికి కూడా ఇలాంటివి మూడూ వచ్చాయి గాని, స్తంభం పంతులుగారింట్లో పళ్ళొస్తున్న చంటివాడి నోట్లోకి పోయి మరి తిరిగి రాలేదు. అందువల్ల పాఠం కూడా రెండింటికే కుదించారు. ఇన్‌స్పెక్టరు గారు గుండు ఎత్తి చూపించారు గాని నోరు తెరిచే అవకాశం ఆయనకి దక్కలేదు. బడి మొత్తం ఊగుతూ అందుకుంది: "గుండు దొర్లును, దిమ్మ నిలుచును."

బాగుంది అని ఆయన స్తంభం ఎత్తారు. బడి మళ్ళీ ఊగింది: "గుండు దొర్లును, దిమ్మ నిలుచును."

ఆయన ఆ స్తంభం వైపు ఒకసారి, పిల్లల వైపు ఒకసారి చూసి, ఇంకా చాలా ఊళ్ళు ఉన్నాయన్నట్టు గడియారం వైపు చూసి, దాన్ని కింద పెట్టేశారు. ఒక్కొక్కళ్ళనీ పిలిచి, మూడూ ముందు పెట్టి, దొర్లేదేది అని అడగడం మొదలెట్టారు. పిలిచినవాడల్లా గుండు ముట్టుకుని పరిగెత్తాడు. ప్యాసు, ప్యాసు, ప్యాసు.

పాప వంతు వచ్చింది. గుండు చూసింది. దిమ్మ చూసింది. స్తంభం దగ్గర ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు గారు ముక్కుపొడుం డబ్బీ తీసి, ఒక పట్టు పీల్చి, డబ్బీ మూసి లోపల పెట్టుకున్నారు. ఆయన దగ్గర ఒక పిల్లకి ఉన్న వ్యవధి అంతే. పాప ఇంకా స్తంభాన్నే చూస్తోంది. ఆయన పెదవి విరిచి గడిలో అడ్డగీత గీశారు. పంతులుగారు నా వైపు చూసిన చూపులో, నేను చెప్పలేదటండీ అన్న మాట పెద్ద అక్షరాలతో ఉంది.

అదీ బుద్ధి వికాసం కొలిచే సర్కారు పద్ధతి. గమనించమని ఆర్డరు ఇచ్చినవాళ్ళు గమనించడానికి వ్యవధి మాత్రం ఇవ్వడం మర్చిపోయారు. నాలుగేళ్ళు తర్కశాస్త్రం చదివి ఇలాంటివాటిని ఖండించడం నేర్చుకున్నవాణ్ణి. ఆ విద్య అంతా కట్టిపెట్టి పాపని తీసుకుని లాకుల దగ్గరికి వచ్చేశాను. అక్క వాకిట్లో నిలబడి మమ్మల్ని దూరం నుంచే చూసింది. నా నడక చూసి లోపలికి వెళ్ళిపోయింది. అక్క అత్తగారు ఉయ్యాల ఊపే తాడు కాస్త పొట్టి చేసి ముడేసింది, పిల్ల చేతికి సరిపోయేలాగ.

పాప ఏడవలేదు. లాకు గోడ మీద తాత పక్కన నిలబడి నీళ్ళలోకి చూస్తోంది. అంతలో మండపేట వైపు పోయే పడవ లాకులోకి వచ్చింది. దాని మీద కుర్చీ, కుర్చీ పక్కన పెట్టె, వాటి ముందు చేతులు వెనక్కి కట్టుకుని ఇన్‌స్పెక్టరు గారు. మా ఊరి పని పూర్తిచేసుకుని కింది ఊళ్ళకి పోతున్నారు. నాన్న వెనక తలుపులు మూశాడు. ముందు తూములెత్తాడు. నీళ్ళు దిగుతున్నాయి. పడవతోపాటు ఇన్‌స్పెక్టరు గారు కూడా దిగుతున్నారు. మొదట పాప ఆయన మోకాళ్ళ ఎత్తు ఉంది. తరవాత నడుం ఎత్తు. ఆయన ముఖం, పాప ముఖం సరిగ్గా ఒక్క మట్టానికి వచ్చిన సమయాన పాప నోరు తెరిచింది.

"మూడోది కూడా దొర్లుద్దండి."

నేను నాన్న వైపు తిరిగేసరికి ఆయన నిదానంగా తూము దించేశాడు. నీళ్ళు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి.

ఇన్‌స్పెక్టరు గారు ఏమన్నావని అడిగారు. పాప సావకాశంగా ఆలోచించుకుంది. ఈసారి ఆయన ఎక్కడికీ పోవడానికి లేదు. రెండు వైపులా రాతి గోడ, రెండు చివరలా తలుపులు.

"నిలబెడితే నిలబడుద్ది. పడుకోబెడితే దొర్లుద్ది. మీరు ఎలా పెడతారో చెప్పలేదు మరి."

ఆయన ముక్కుపొడుం డబ్బీ కోసం జేబులో చెయ్యి పెట్టి, దాన్ని తియ్యడం మర్చిపోయారు. పెట్టె తెరిచి స్తంభం తీసి పాప చేతికి ఇచ్చారు. పాప దాన్ని గోడ మీద నిలబెట్టి చూపించింది. తరవాత పడుకోబెట్టి వేలితో తోసింది. సర్కారువారి స్తంభం గోడ అంచు దాకా దొర్లి నీళ్ళలో పడింది. సరంగు గడతో దాన్ని పడవ పక్కకి లాగి తీశాడు.

"పరీక్ష అయిపోయిందమ్మా," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. కోపంగా కాదు, ఇబ్బందిగా. జవాబు సరైనదేనని, కాని బడి బయట చెప్పిన జవాబుకి కాయితంలో చోటు లేదని నాకు ఇంగ్లీషులో వివరించారు. తరవాత నాన్నని పిలిచి, పడవ కదలదేమని అడిగారు.

"నీళ్ళింకా సమం కాలేదండి బాబూ," అన్నాడు నాన్న. చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా. "తొందరపడి తలుపు తీత్తే పడవ తిరగబడిపోద్దండి. తమరి కాయితాలన్నీ తడిసిపోతాయండి."

నా ఎరికలో నాన్న ఏ పడవనీ ఒక్క క్షణం ఎక్కువ నిలిపి ఎరగడు. ఇన్‌స్పెక్టరు గారు నీళ్ళ వైపు చూశారు, తూముల వైపు చూశారు. లాకు సంగతి ఆయనకి తెలియకపోయినా, మనుషుల సంగతి బొత్తిగా తెలియనివారు కాదు. పాప వైపు మళ్ళీ చూశారు. అది అప్పటికే ఆయన్ని వదిలేసి, తడిసిన స్తంభం పొడిదానికంటే మెల్లగా దొర్లుతుందేమోనని సరంగుని అడుగుతోంది. ఆయన చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డారు. ఆర్డరులో రాసినట్టు ఒక పిల్లని పక్కన నిలబడి గమనించడం ఆయన ఉద్యోగంలో అదే మొదటిసారి అయ్యుంటుంది. చివరికి పెట్టెలోంచి కాయితాలు తీసి, అడ్డగీతని నిలువుగీతగా దిద్ది, పక్కన ఒక మాట రాసి నాకు చూపించారు. ఆ గడిలో రాయడానికి రెండే మాటలు ఉన్నాయట: వెంటనే చెప్పును, చెప్పలేదు. కాబట్టి మా పాప వెంటనే చెప్పును అయింది.

నాన్న అంతట్లోకే తూములెత్తి, నీళ్ళు సమం అయ్యాయని ప్రకటించి ముందు తలుపులు తీశాడు.

అక్కకి చెప్పడానికి పరిగెత్తాను. బి.ఏ. కబురు కంటే గట్టిగా చెప్పాను. అక్క ఈసారి కళ్ళొత్తుకోలేదు. కూతుర్ని ఎత్తుకుని ఇంటి చుట్టూ తిరిగింది, చూసేవాళ్ళు ఏమనుకుంటారోనన్న జంకు కూడా లేకుండా. అత్తగారు అంతా విని, తాయెత్తులు పనిచేశాయంది. ఆ ఖ్యాతి నాకెందుకని నేను అడ్డు చెప్పలేదు. అయితే ఆవిడ అసలు ప్రశ్న ఆవిడ దగ్గరే ఉంది.

"అది బడికి పోతే మరి ఉయ్యాలెవరూపుతారు?"

అందరూ నా వైపు చూశారు. ఇంట్లో ఉద్యోగం లేని మగవాణ్ణి నేనొక్కణ్ణే. సోమవారం నాడు పాప ఒకటో తరగతిలో కూర్చుంది. మా వంశంలో మొదటి బి.ఏ. వీధరుగు మీద కూర్చుని, పొట్టి చేసిన తాడు మళ్ళీ పొడుగు చేసుకుని, మేనల్లుణ్ణి ఊపాడు. దారిన పోయేవాళ్ళు పలకరిస్తే ప్యాసైన సంగతి చెప్పాను. వాళ్ళు ఉయ్యాల వైపు చూసి, చాలా సంతోషమండి అన్నారు.